పొడ తూర్పు పెయ్యలకూ ఒక సంత పెట్టండి

తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

మాది పాలమూరు. నాయన కాలం నుంచీ మా ఇంట్లో తూర్పు ఎడ్లే. దీపావళి వెళ్ళాక కురుమూర్తి జాతరకు పోయి, స్వామి పాదుకలైన ఉద్దాలకు మొక్కి, ఆనక కోడెల బేరానికి దిగడం మాకు అలవాటు. అమ్రాబాద్ నల్లమల నుంచి లంబాడీలు తోలుకొచ్చే పశువులవి. తెల్లని ఒంటి మీద గోధుమరంగు పొడలు. మాకు తూర్పున ఉన్న అడవి నుంచి వస్తాయి కాబట్టి తూర్పు ఎడ్లంటాం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో వీటిని 'పొడ తూర్పు' పేరుతో ప్రత్యేక జాతిగా నమోదు చేసింది.

అయితే జాతరలో మేం బేరమాడేది కోడెలనే. వాటిని కనే ఆవులను, పెయ్యలను అడిగేవాడేడీ? దూడ తాగగా మిగిలే పాలు చూసి ఎవరూ ఎగబడి కొనరు.

పోయినేడు ఒక వారపు సంతలో ఓ ముసలాయన నాలుగు పెయ్యలను తోలుకొచ్చాడు. రెండింటికి ఇంకా పాలపళ్ళే. ధర పక్కవాళ్ళకు తెలియకుండా వేళ్ళతోనే చెప్పేందుకు దళారి తుండుగుడ్డ కింద ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. ముసలాయన మూడుసార్లు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పొద్దువాలేసరికి ఒప్పుకున్నాడు. అమ్మకుండా వెనక్కి తీసుకుపోవాలంటే బండి కిరాయి మళ్ళీ తనే పెట్టుకోవాలి కదా! ఒక పెయ్యను నేను కొందామని వెళ్ళేసరికే లారీ కదిలింది. అవి మందకు పోయాయో కోతకు పోయాయో తెలీదు. రసీదులో ఊరుంది, సంత పన్ను ఉంది, 'పెయ్యలు 4' అని ఉంది. జాతి రాసే గడే లేదు.

అందుకని అడుగుతున్నాను. కురుమూర్తిలో కోడెల బేరాలు అయిన మర్నాడు ఒక రోజు, అమ్రాబాద్ దగ్గరి అచ్చంపేట వైపు ఏడాదిలో ఇంకొక రోజు, పొడ తూర్పు ఆవులకు, పెయ్యలకు, ఆబోతులకు మాత్రమే సంత పెట్టించండి. అచ్చంపేట తేదీని ఆఫీసులో కూర్చుని ఖాయం చేయొద్దు, మందలు ఎప్పుడు ఊరి దగ్గర ఉంటాయో పెంచేవాళ్ళనే అడగాలి. పశువైద్యుడు పళ్ళు, పొడలు చూసి, చెవికున్న 12 అంకెల ట్యాగు ఎదుట జాతి పేరు రాయాలి. తుండుగుడ్డ బేరం కాకుండా అందరి ముందూ వేలం జరగాలి, కనీస ధర యజమానే చెప్పాలి. అమ్ముడుపోని పశువు తిరుగు కిరాయి శాఖ భరించాలి. మిగతావన్నీ ఆలస్యమైనా ఫర్వాలేదు గానీ ఈ ఒక్కటీ మానొద్దు. ముసలాయన ఓడిపోయింది అక్కడే.

శాలువాలు, అందాల పోటీలు మాకొద్దు. పుంగనూరు ఆవుకు గిరాకీ పెరిగాక పొట్టిగా కనబడ్డ ప్రతి దూడనూ పుంగనూరే అని అంటగడుతున్నారు. ఫోన్లో వీడియో చూసి ముద్దుకు కొనేవాళ్ళకన్నా, మంద పెంచేవాడు వచ్చి సుడులు, గిట్టలు చూసి కొనుక్కునే చోటు మాకు ముఖ్యం.

ఈ ఏడు జాతరకే మొదలుపెట్టాలంటే దసరాలోపు మండలాలకు ఉత్తర్వు చేరాలి. పెయ్య కోసం బయానా డబ్బులు నేను పక్కన పెట్టుకుని ఉన్నాను.

ఇట్లు,
ఒక పాలమూరు రైతు