మాంసం తగ్గించడానికి ఒట్లు పనికిరావు

సంపాదకుల వారికి,

మాంసం, పాలు, గుడ్లు తగ్గించుకోవడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ మొత్తం మనోబలం చుట్టూనే తిరిగింది. రేపటి నుంచి ముక్క ముట్టనని ఒట్టేసుకున్నవాళ్లు మొదటి విందులోనే ఆ ఒట్టు తీసి గట్టున పెడతారు, పైగా ఎలాగూ తప్పాం కదా అని ఇంకో రెండు ముక్కలు ఎక్కువే వేయించుకుంటారు. అసలు ఎదురుగా ఏం పెట్టారన్నదే ముఖ్యం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ క్యాంటీన్లలో చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. వంటకాల్లో మాంసం లేనివాటిని నాలుగో వంతు నుంచి సగానికి పెంచితే వాటి అమ్మకాలు 41 నుంచి 79 శాతం దాకా పెరిగాయి. ఎవరికీ క్లాసు పీకలేదు, మాంసం తీసేయనూ లేదు. ఎక్కువ మార్పు కనిపించింది కూడా మామూలుగా మాంసం వైపే చెయ్యి చాపేవాళ్లలోనే.

ఇంట్లో అయితే కైమా సగానికి తగ్గించి, మిగతా సగం సన్నగా తరిగిన పుట్టగొడుగులు వేసి చూడండి. చాలామంది వాటిని పచ్చిగానే కలిపేసి, మూత పెట్టి, నీళ్లోడుతూ చప్పగా ఉందని తిట్టుకుంటారు. ముందు విడిగా, పెద్ద మంట మీద, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించాలి, ఉప్పు ఆ తర్వాతే. అప్పుడు చెబితే తప్ప ఎవరూ కనిపెట్టరు.

చికెన్‌కి మారితే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది కాబట్టి ఆరోగ్యం గురించి వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. వాతావరణం లెక్కలో గొడ్డు మాంసం కన్నా కోడి నయమే. కానీ జంతువుల మీద జాలితో మారితే మాత్రం లెక్క తిరగబడుతుంది, ఒక ఎద్దు ఇచ్చే మాంసానికి వందకు పైగా కోళ్లు పోవాలి. మాంసం మానేసి ఆ లోటు చీజ్‌తో పూడ్చుకోవడమూ ఇలాంటిదే. గట్టి చీజ్ కిలోకి దాదాపు 10 లీటర్ల పాలు పడతాయి, అంటే భారం మళ్లీ పశువుల మీదే.

మాంసం, పాలు, గుడ్లు అన్నీ పూర్తిగా మానేసేవాళ్లకు అసలు చిక్కు బి12 విటమిన్. మొక్కల ఆహారంలో అది నమ్ముకునేంత దొరకదు, మాత్రగానో, బి12 కలిపి అమ్మే ఆహారంగానో తీసుకోవాల్సిందే. కాలేయంలో నిల్వ ఉన్నది కొన్నేళ్లు లాక్కొస్తుంది కాబట్టి లోపం వెంటనే తెలియదు, నాకేం కాలేదుగా అని ధీమాగా తిరుగుతారు. మీ వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. వచ్చే వారమైనా ఒక డాక్టరు చేత రాయించండి.

– ఒక పాఠకుడు