మంత్రి గారూ, ఆ తల్లి పారిపోలేదు

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలతో రాసుకుంటున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఆ సర్వీసులో ఎక్కువ భాగం పిల్లల వార్డుల్లోనే గడిచింది. నేను పనిచేసిన చోట్ల పేర్లు ఇక్కడ రాయను. ఏ ఒక్క ఆసుపత్రి మీదో ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. ఆసుపత్రిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు బస, తిండి, అండ దొరికేలా ప్రభుత్వమూ దాతల సంస్థలూ కలిసి నడవాలని అడగడానికే రాస్తున్నాను.

మా కేస్‌షీట్లలో రెండు మాటలు తరచూ పడుతుంటాయి. ఒకటి 'లామా'. డాక్టరు వద్దంటున్నా సంతకం పెట్టి బిడ్డను తీసుకెళ్లిపోయారని అర్థం. రెండోది 'అబ్‌స్కాండెడ్'. ఎవరికీ చెప్పకుండా పారిపోయారని అర్థం. దొంగల గురించి పోలీసు స్టేషన్లో రాసే మాట అది. ఆ మాటను నా చేత్తో నేనే చాలాసార్లు రాశాను.

వాటిలో ఒకటి నన్ను వదిలిపెట్టదు. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో. నెలలు నిండకుండా సిజేరియన్ అయింది. బిడ్డ బరువు 1,350 గ్రాములు. బిడ్డను మా దగ్గర ఒంటిని వెచ్చగా ఉంచే వార్మర్‌లో పెట్టాం. తల్లిని వారం తర్వాత కాన్పుల వార్డు నుంచి డిశ్చార్జి చేశారు. ఆ రోజు నుంచి ఆసుపత్రి లెక్కలో ఆమె పేషెంటు కాదు, అటెండెంటు. అటెండెంటుకు మంచం లేదు, డైట్ లేదు. మెట్ల కింద చాప పరుచుకుని పడుకునేది. రెండు గంటలకోసారి పైకొచ్చి స్టీలు గిన్నెలో పాలు పిండి ఇచ్చేది. ఆ పాలను మేం ఉగ్గుగిన్నెతో బొట్టు బొట్టుగా బిడ్డకు పట్టేవాళ్లం. రాత్రి రెండింటికి ఒక చెయ్యి కుట్ల మీద అదుముకుని, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కొచ్చేది. పాలు తగ్గిపోతున్నాయని ఏడ్చేది. పొద్దున టీ, బన్ను తప్ప ఏమీ తినని మనిషికి పాలెక్కడి నుంచి వస్తాయి?

పంతొమ్మిదో రోజు సాయంత్రం నా దగ్గరకొచ్చి, "సిస్టరమ్మా, ఇంటికాడ ఇంకో పోరి ఉన్నది, మూడేండ్లది. మా అత్తకు చాతనైతలేదు. మా ఆయన పనికి పోక ఇరవై దినాలాయె," అంది. ఇంకొక్క వారం ఓపిక పట్టమ్మా అన్నాను. తెల్లారేసరికి వార్మర్ ఖాళీగా ఉంది. రిజిస్టరులో ఉన్న ఫోన్ నంబరు కలవలేదు. రౌండ్స్ టైమవుతోందని కేస్‌షీట్ తెచ్చుకుని ఆ మాట రాసేశాను. ఆ బిడ్డ ఏమైందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ రోజు మా దగ్గర డాక్టరున్నారు, మందులున్నాయి, వార్మర్ పనిచేస్తోంది. ఎవరూ ఆమెను రూపాయి అడగలేదు. ఒంటి కింద ఒక పరుపు, రెండు పూటల తిండి, ఇంటి దగ్గర మూడేళ్ల పాప ఎలా ఉందో కనుక్కుని చెప్పే మనిషి. అంతకుమించి ఆమెకు కొరత లేదు. ఆ కొరతలే బిడ్డను మా చేతుల్లోంచి తీసుకెళ్లిపోయాయి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మా వార్డుల ముఖం మారింది. ఆపరేషన్ ఖర్చుకని పొలం అమ్మి వచ్చేవాళ్లు తగ్గారు. 2023 డిసెంబరులో మన రాష్ట్రం దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో రోగికి భోజనం, తిరుగు ప్రయాణం ఛార్జీలు కూడా ఉన్నాయి. కానీ పిల్లల జబ్బు పెద్దల జబ్బులాంటిది కాదండీ. బిడ్డ మంచాన పడితే వెంట తల్లీ తండ్రీ ఇద్దరూ ఆసుపత్రి పాలవుతారు. ఇంటి దగ్గర మిగతా పిల్లలకు బడి ఆగుతుంది, కూలి ఆగుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు నడుస్తుంది. మొదటి నెలల్లో కీమోకూ కీమోకూ మధ్య ఇంటికి వెళ్లి రావడమూ ప్రమాదమే. జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. ఆ పిల్లలు ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి, శుభ్రమైన చోట ఉండాలి. నెలకు పది వేలు సంపాదించే తండ్రి హైదరాబాదులో అలాంటి గదిని ఎక్కడ తెస్తాడు?

ఈ ఖాళీని ముందుగా చూసినవి ట్రస్టులు, ఫౌండేషన్లేనని ఒప్పుకోవాలి. ముంబైలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అనే సంస్థ చేసే పని చూడండి. అది క్యాన్సర్‌కు మందివ్వదు. చికిత్స కోసం దూరం నుంచి వచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా ఇల్లు ఇస్తుంది. కుటుంబానికో గది, వండుకోవడానికి అందరికీ కలిపి వంటగది, సరుకులు, ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే బండి. హైదరాబాదులో కూడా వాళ్ల కేంద్రాలున్నాయి. మన తాతల కాలంలో దీన్నే సత్రం అనేవాళ్లు. యాత్రికుల కోసం దారి పొడవునా సత్రాలు కట్టించిన జాతి మనది. మన ఆసుపత్రుల పక్కన అలాంటి నీడ ఎందుకు అంత అరుదు?

ఇది జాలితో చేసే పనిగా కనిపించొచ్చు, కానీ ఇందులో వైద్యం ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో 2009 నాటికి క్యాన్సర్ పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు చికిత్స వద్దనో, మధ్యలో ఆపేసో వెళ్లిపోయేవారు. ఆ ఆసుపత్రి పిల్లల విభాగం డాక్టర్లు దాతలను కూడగట్టుకుని, ఇంపాక్ట్ ఫౌండేషన్ పేరుతో బస, తిండి, మందుల డబ్బు, కౌన్సెలింగ్, రాని వాళ్లకు ఫోన్ చేసి పిలవడం, అన్నీ ఒకచోటికి తెచ్చారు. కొన్నేళ్లలోనే ఆ సంఖ్య 5 శాతం లోపుకు దిగింది. అలా నిలబడ్డ ప్రతి బిడ్డ కేస్‌షీట్ మీదా, ఆ అండ లేకపోతే, నాలాంటి నర్సు ఎవరో 'అబ్‌స్కాండెడ్' అని రాసి ఉండేది.

నెలలు నిండని బిడ్డల సంగతి మరీ స్పష్టం. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో అయిదు దేశాల ఆసుపత్రుల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. వాటిలో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఒకటి. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు ఉన్న 3,211 మంది బిడ్డలను చూశారు. పుట్టగానే తల్లి గుండెల మీద చేర్చి, తల్లీబిడ్డలను ఒకే ఐసీయూలో ఉంచి చూసుకున్న వారిలో 28 రోజుల లోపు మరణాలు 12 శాతం. పాత పద్ధతిలో, బిడ్డ నిలకడగా ఉన్నాకే తల్లికి ఇచ్చిన వారిలో 15.7 శాతం. అంటే చనిపోయే బిడ్డల్లో ప్రతి నలుగురిలో ఒకరు బతికారు. ఫలితం ఇంత తేటగా కనపడడంతో ఆ అధ్యయనాన్ని అనుకున్న గడువుకన్నా ముందే ఆపేశారు. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అవి చదివిన రోజు మెట్ల కింద చాప నా కళ్ల ముందు కదిలింది. బిడ్డకు మందుగా పనిచేసే మనిషిని మేం అటెండెంటని బయట కూర్చోబెట్టాం.

దాతలూ ప్రభుత్వమూ కలిసి నడిస్తే ఏమవుతుందో ఈ రాష్ట్రంలోనే చూశాం. 2022 మేలో హైదరాబాదులోని 18 ప్రభుత్వ ఆసుపత్రుల్లో అటెండెంట్లకు 5 రూపాయల భోజనం మొదలైంది. ఖర్చు భరించింది ప్రభుత్వం, వండి వడ్డించింది హరేకృష్ణ మూవ్‌మెంట్ ఛారిటబుల్ ఫౌండేషన్. మధ్యాహ్నం ఆ వరుసలో కొంగులో ఐదు రూపాయల బిళ్ల ముడేసుకుని నిలబడ్డ తల్లులను చూస్తే చాలనిపించేది. పక్క రాష్ట్రంలో తిరుమల తిరుపతి దేవస్థానం 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీ పద్మావతి పిల్లల గుండె చికిత్సాలయం తెరిచింది. భక్తులు దేవుడికిచ్చిన సొమ్ము పసిగుండెల ఆపరేషన్లకు వెళ్తోంది. ఇక్కడ హైదరాబాదు శివరాంపల్లిలోని తలసేమియా, సికిల్ సెల్ సొసైటీని 1998లో తల్లిదండ్రులు, డాక్టర్లు, శ్రేయోభిలాషులు కలిసి పెట్టుకున్నారు. రెండు మూడు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలకు అది రెండో ఇల్లు. అసలు హైదరాబాదులోని మన నీలోఫర్ పిల్లల ఆసుపత్రి పుట్టుకే చూడండి. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, ఇంకెవరికీ అలా జరగకూడదని పూనుకున్న యువరాణి నీలోఫర్ పట్టుదల ఫలితం 1953 నాటి ఆ ఆసుపత్రి. ఒక మనిషి దుఃఖం నుంచి పుట్టి ప్రభుత్వ ఆసుపత్రై నిలిచింది.

మరి లోపం ఎక్కడుంది? సంస్థలు మన గేటు దగ్గరికొచ్చినప్పుడు వాళ్లకు లోపల ఒక చోటంటూ లేకపోవడంలో ఉందని నా అనుభవం.

నేను చూసింది చెబుతాను. ఒక కంపెనీ ట్రస్టు వాళ్లు మా వార్డుకు ఒక కౌన్సిలర్ అమ్మాయిని ఇచ్చారు. ఆమె చేసే పనంతా తల్లుల పక్కన కూర్చోవడం, ఫారాలు నింపడం, ఇళ్లకు ఫోన్లు చేయడం. ఆమె ఉన్న ఏడాదిలో మా వార్డు నుంచి చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు కళ్లకు కనిపించేంతగా తగ్గారు. మార్చి 31తో వాళ్ల ఆర్థిక సంవత్సరం ముగిసింది. అదే సమయంలో మా సూపరింటెండెంటు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన వారికి ఆ ఒప్పందం సంగతి తెలియదు, ఫైలు దొరకలేదు. మూడు నెలలు జీతం లేకుండా వచ్చి, ఆ అమ్మాయి మానేసింది. ఆమె కూర్చున్న బల్ల మీద తర్వాత సెలైన్ పెట్టెలు పెట్టాం.

ఇంకోచోట దాతలు కొనిచ్చిన ఒక మంచి యంత్రం మూలన ఉండిపోయింది. దానికి వాడే ట్యూబులు కొనడానికి ఎవరి దగ్గరా బడ్జెట్ లేదు, సర్వీసు ఒప్పందం ఎవరూ రాయించుకోలేదు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. మనకేం కావాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. యంత్రమైతే రిబ్బను కట్ చేసి ఫొటో దిగొచ్చు కాబట్టి అందరూ యంత్రమే ఇస్తారు. ఒక సోషల్ వర్కర్ జీతానికి, ఒక గది అద్దెకు, ఒక వంటమనిషికి దాతలు దొరకడం కష్టం. ఆ దారి చూపించగలిగింది మీ శాఖే.

చట్టం కూడా ఇందుకు అడ్డు లేదు. 2013 కంపెనీల చట్టం కింద ఏడాదికి 5 కోట్లు గానీ అంతకు మించి గానీ నికర లాభమున్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆరోగ్యం ఆ జాబితాలో ఉంది. 2021 సవరణల తర్వాత ఒక ప్రాజెక్టును మొదలుపెట్టిన సంవత్సరం పోను ఇంకో మూడేళ్ల దాకా కొనసాగించే వీలు స్పష్టంగా ఉంది. మరి మార్చి 31కి కౌన్సిలర్ జీతం ఆగిపోయే పరిస్థితి ఎందుకు రావాలి? ఒప్పందం సూపరింటెండెంటు పేరు మీద కాకుండా శాఖ పేరు మీద, మూడేళ్లకు, రాతపూర్వకంగా ఉంటే బదిలీలతో అది చావదు. హైదరాబాదు నిండా పెద్ద కంపెనీలున్నాయి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఎవరికివ్వాలో, ఇచ్చింది ఏమైందో తెలియక ఆగిపోతున్నారు. పిల్లల వైద్యం చేసే ప్రతి బోధనాసుపత్రి తనకేం కావాలో, ఏమొచ్చిందో, ఎంత ఖర్చయిందో మూడు నెలలకోసారి గోడ మీద అంటించి, ఆన్‌లైన్లో పెడితే ఈ అనుమానం పోతుంది.

నేను ముఖ్యంగా అడుగుతున్నది దూరం నుంచి వచ్చే కుటుంబాల బసకు జాగా. బోధనాసుపత్రుల ఆవరణలో గానీ నడిచే దూరంలో గానీ ప్రభుత్వం స్థలమో పాత భవనమో ఇవ్వాలి, నడిపే బాధ్యత నిలకడ గల సంస్థకు అప్పగించాలి. బాలింత తల్లులకు బిడ్డ వార్డు ఉన్న అంతస్తులోనే పడకలు కావాలి. వాళ్లు డిశ్చార్జి అయినా బిడ్డ ఉన్నన్నాళ్లూ పేషెంటు డైట్ ఇవ్వాలి. దీనికి ఏ ఫౌండేషనూ అక్కర్లేదు, మీ ఒక్క సంతకం చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆపరేషన్ తర్వాత కోలుకునే రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చే ఆరోగ్య ఆసరా మొదలుపెట్టారు. దీర్ఘకాలం చికిత్స పడే పిల్లల తల్లిదండ్రుల కూలికి మన దగ్గర అలాంటిది ఆలోచించండి.

ఒక్క హెచ్చరిక కూడా చేయాలి, చనువు తీసుకుంటున్నందుకు క్షమించండి. ట్రస్టులొచ్చాయి కదా అని ప్రభుత్వం తన పని తగ్గించుకోకూడదు. నర్సు పోస్టులు, మందులు, ఆక్సిజన్, వెంటిలేటర్లు దాతల దయ మీద ఉండకూడదు. పదహారు మంది పసిబిడ్డలను రాత్రంతా ఇద్దరు నర్సులం చూసుకున్న డ్యూటీలు నాకు గుర్తున్నాయి. ఆ లోటును ఏ దాతా పూడ్చలేడు. అలాగే సాయం పేరుతో పిల్లల ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడాన్ని ఆసుపత్రుల్లో నిషేధించండి. ముక్కుకు ట్యూబున్న బిడ్డ పక్కన నిలబడి పండ్ల సంచీతో ఫొటో దిగుతుంటే, ఆ తల్లి పైట సర్దుకుంటూ తల దించుకోవడం నేను చాలాసార్లు చూశాను. వద్దనే ధైర్యం ఆమెకుండదు. మనం వద్దనాలి.

చివరగా ఒక చిన్న పని. కేస్‌షీట్‌లో ఆ మాట రాసేముందు ఇంటికి మూడు రోజులు వరుసగా ఫోన్ చేయాలని, కలవకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పంపాలని, ఆమె వెళ్లి చూసి చెప్పిందే కేస్‌షీట్‌లో రాయాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఫోన్ చేసేది ట్రస్టు కౌన్సిలరైనా సరే, మా నర్సయినా సరే. అప్పుడు 'పారిపోయారు' అనే చోట 'ఇంట్లో చిన్నపాపను చూసే దిక్కులేక వెళ్లారు, గురువారం తిరిగి వస్తామన్నారు' అని రాసుకుంటాం. గురువారం వార్మర్ సిద్ధంగా పెట్టుకుంటాం.

మీరు సమయమిస్తే వచ్చి కలుస్తాను. నాతోపాటు ఇద్దరు ముగ్గురు తల్లులను కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
మహబూబ్‌నగర్ జిల్లా