ఐదింటికి వచ్చిన కూలీకి ఎంతివ్వాలి?

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరులో ఒక క్రైస్తవ ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ వారానికి ఒకరోజు వెళ్లి, తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లలకు బైబిలు క్లాసు చెబుతున్నాను. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ఆ సమ్మతి తప్పనిసరి, అది ఉండాల్సిందే. ఇన్నేళ్లూ నేను కథ చెప్పి, కంఠత వాక్యం అప్పజెప్పించుకుని, పరీక్షలో ఖాళీలు పూరించమన్నాను. అంతే.

మొన్న జూలైలో తీరు మార్చాను. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల కథను సగంలో ఆపేశాను. తెల్లారే వచ్చినవాళ్లున్నారు, మధ్యాహ్నం వచ్చినవాళ్లున్నారు, పొద్దుగూకేముందు ఒక్క గంటే చేసినవాళ్లూ ఉన్నారు. నలుగురేసి పిల్లలకు గుప్పెడు చింతగింజలిచ్చి, "యజమాని మీరే, కూలి పంచండి" అన్నాను.

దాదాపు అందరూ గంటల లెక్కన పంచారు. నాలుగో తరగతి పిల్లాడొకడు గింజలు ముట్టుకోలేదు. "సాయంత్రం దాకా పని దొరకనోళ్ల ఇంట్లో అన్నం తినొద్దా మేడం?" అన్నాడు. "అట్లయితే రేపు అందరూ సాయంత్రమే వస్తారు గదా!" అంది పక్కనున్న పాప. వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దినకూలి. నాకు జవాబు తోచలేదు. ఇంట్లో అడిగి రమ్మన్నాను.

మరుసటి వారం పాప చెప్పింది: "కాయల లారీ రాకుంటే మా యమ్మోళ్లు మధ్యాహ్నం దాకా గేటు కాడ కూచోని ఉత్తచేతుల్తో వస్తారంట. ఊరికే కూచునేది కూడా కష్టమేనంట." అప్పుడు బైబిలు తెరిచి, అందరికీ ఒక్కో దేనారమే, అంటే పూర్తి రోజు కూలే, ఇచ్చిన ముగింపు చదివాను. ముందొచ్చినవాళ్లు సణిగారన్న చోట "సణగరా మరి!" అంది ఆ పాపే. ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పించాలని నేనూ చూడలేదు.

సమస్య ముందు, పాఠం తర్వాత అనే ఈ పద్ధతి 1960ల చివర్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థుల కోసం మొదలైంది. చిన్నపిల్లలకు బరువవుతుందని, వాక్యాలు మరిచిపోతారని తోటి టీచర్ల భయం. వాక్యం వద్దని నేననడం లేదు. జవాబు ముందే మన గుప్పిట్లో పెట్టుకుని ప్రశ్న అడిగితే మాత్రం పిల్లలు ఇట్టే పసిగడతారు, అదే అసలు కష్టం.

క్రైస్తవ పాఠశాలల యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే పరీక్షలో ఖాళీలు కొన్ని తగ్గించి, "ఆ యజమాని నువ్వైతే ఏం చేస్తావు, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న ఇవ్వండి. మార్కులు ఆ 'ఎందుకు'కు వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గ్రీమ్స్‌పేట, చిత్తూరు