ఆట తర్వాత పావుగంట

సంపాదకులకు నమస్కారం.

తరగతి గదిలో వీడియో గేములను బోధనకు వాడుకోవచ్చా అన్న విషయంపై మీ పత్రికలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. అనుకూలంగా రాసేవారు పిల్లల ఉత్సాహం గురించి, వ్యతిరేకించేవారు పిల్లల కళ్ల గురించి, వ్యసనం గురించి రాస్తున్నారు. ఈ వాదోపవాదాల మధ్య ఉపాధ్యాయుడి పని ఏమిటన్న ప్రశ్న మరుగున పడిపోయింది. చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించినవాడిగా నాకు అదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. ఆటను ఆపి, దాని మీద తరగతంతా కలిసి మాట్లాడుకునే పావుగంటలోనే పిల్లలకు విషయం పట్టుబడుతుందనీ, ఆ పావుగంటకు టైంటేబుల్లో చోటు లేనప్పుడు ఎంత ఖరీదైన గేము కొన్నా దండగేననీ నా అభిప్రాయం.

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టింది కాదు. 1971లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో డాన్ రావిచ్ అనే యువకుడు ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా ఎనిమిదో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పవలసి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో దేశ పశ్చిమాన ఉన్న ఒరెగాన్ ప్రాంతానికి బండ్లు కట్టుకుని వలసపోయిన కుటుంబాల కథను వారికి అర్థం చేయించడానికి, బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అనే ఇద్దరు మిత్రుల సాయంతో ‘ది ఒరెగాన్ ట్రెయిల్’ అనే ఆటను తయారుచేశాడు. దానికి తెర లేదు, బొమ్మల్లేవు. టెలిటైప్ యంత్రం కాగితపు చుట్ట మీద ఒక్కొక్క వాక్యమే అచ్చువేస్తూ పోయేది, పిల్లలు తమ నిర్ణయాన్ని టైపు చేసేవారు. వేటాడాలంటే ‘బ్యాంగ్’ అన్న మాటను తప్పు లేకుండా, వేగంగా కొట్టాలి. ఒకే యంత్రం చుట్టూ మూగిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే పనులు పంచుకున్నారట: చురుగ్గా టైపు చేసేవారికి వేట, ఒకరికి పటం మీద దారి చూసే పని, మరొకరికి తిండి, మందుగుండు, డబ్బుల లెక్క. కొన్నేళ్ల తర్వాత ఆ ఆటను మిన్నెసోటా రాష్ట్రంలోని బడులన్నిటికీ అందించే సందర్భంలో రావిచ్ ఆనాటి ప్రయాణికుల డైరీలు చదివి, వాతావరణం, జబ్బులు, ప్రమాదాలు వంటివి ఎంత తరచుగా ఎదురయ్యేవో చూసి, ఆటలో అవి వచ్చే అవకాశాలను దానికి తగ్గట్టు సవరించాడు.

ఇందులో నన్ను ఆకట్టుకునేది సాంకేతికత కాదు. ఒక ఉపాధ్యాయుడు తన పాఠం కోసం, తన పిల్లల కోసం, ఆకరాలు వెదికి మరీ ఆటను దిద్దుకున్నాడు. యంత్రం ఒక్కటే కావడంతో పిల్లలు ఒకరితో ఒకరు వాదించుకోక తప్పలేదు. ఇప్పుడు పిల్లవాడికొక ట్యాబ్, చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఎవరి వేగం వారిదని మురిసిపోతున్నాం. అలాంటి గదిలో క్రమశిక్షణ ఉన్నట్టు పైకి కనిపించవచ్చు గానీ, వాదన మాత్రం వినిపించదు.

ఇక గేముల ఎంపిక సంగతి. ‘విద్యా సంబంధమైనది’ అన్న ముద్రతో అమ్ముడవుతున్న వాటిలో ఎక్కువ భాగం చేదు మాత్రకు చక్కెర పూసిన బాపతు. పిల్లవాడు కాసేపు పరుగెత్తుతాడు, దూకుతాడు, ఆట మధ్యలో ఆగి ఒక లెక్క అడుగుతుంది, జవాబు చెబితే నక్షత్రం ఇచ్చి మళ్లీ పరుగెత్తమంటుంది. లెక్కకూ పరుగుకూ ఏ సంబంధమూ ఉండదు. ఈ తేడా ఎంత ముఖ్యమో హాబ్‌గుడ్, ఎయిన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో చక్కగా చూపించారు. వారి ఆటలో శత్రువులైన అస్థిపంజరాల ఛాతీ మీద ఒక్కో సంఖ్య ఉంటుంది, పిల్లల చేతిలోని ఒక్కో ఆయుధం ఒక్కో భాజకం. శేషం లేకుండా భాగించే ఆయుధాన్ని ఎంచుకుంటేనే అస్థిపంజరం కూలుతుంది. అదే ఆటను మరో రూపంలో కూడా తయారుచేశారు, అందులో పోరాటానికి సంఖ్యలతో పని లేదు, లెక్కలు స్థాయికీ స్థాయికీ మధ్య విడిగా వస్తాయి. సమానమైన సమయం ఇచ్చినా, భాగహారం ఆటలోనే ఇమిడి ఉన్న రూపాన్ని ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. నచ్చినది ఆడుకోమని వదిలేస్తే ఆ రూపం మీదే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ సమయం గడిపారు. కొనుగోలు కమిటీలు రంగుల కరపత్రం పక్కన పెట్టి, ఆటలోంచి పాఠాన్ని తీసేస్తే ఆట ఇంకా మిగులుతుందా అని అడిగితే చాలు, సగం సరుకు అక్కడే తేలిపోతుంది.

అయితే మంచి గేము దొరికినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. బీజగణితం నేర్పే ‘డ్రాగన్‌బాక్స్’ 2012లో వచ్చింది. బొమ్మల కార్డులను అటూ ఇటూ జరుపుతూ చిన్న పిల్లలు సైతం సమీకరణాలను సాధించేస్తున్నారని దానికి ఎంతో పేరు వచ్చింది, ఆ పేరు కొంతవరకు న్యాయమైనదే. కానీ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని, ఆటపాటలు లేని ఒక సాధారణ శిక్షణ సాఫ్ట్‌వేరుతో పోల్చి చూసినప్పుడు, గేము ఆడిన పిల్లలు సంతోషంగా, ఎక్కువ సమస్యలు సాధించారు గానీ, తర్వాత మామూలు సమీకరణాలతో పెట్టిన పరీక్షలో ఆ సాధారణ సాఫ్ట్‌వేరు వాడిన పిల్లలే మెరుగ్గా రాశారు. ఇది గేము దోషమని నేననను. తెర మీద కార్డును అవతలి వైపుకు జరపడమూ, నోటుపుస్తకంలో రెండు వైపుల నుంచీ అదే సంఖ్యను తీసివేయడమూ ఒకటేనని పిల్లవాడు తనంతట తాను గుర్తించడు. బల్ల దగ్గరకు వెళ్లి, ‘ఇప్పుడు నువ్వు చేసినదాన్ని ఇక్కడ రాసి చూపించు’ అని అడిగే మనిషి ఒకరు కావాలి.

చరిత్రలోనూ, పౌరశాస్త్రంలోనూ ఈ అవసరం మరింత ఎక్కువ. 1989లో వచ్చిన ‘సిమ్‌సిటీ’లో పిల్లలు నగరాన్ని కడతారు, రోడ్లు వేస్తారు, పన్నులు నిర్ణయిస్తారు. పన్ను పెంచితే జనం వెళ్లిపోతారు. నగరాలు నిజంగా ఇలాగే పనిచేస్తాయని పిల్లవాడు నమ్మేస్తాడు, ఎందుకంటే ఆ నియమాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు, అతడే అనుభవించి తెలుసుకున్నాడు. ఆ ఆటను రూపొందించిన విల్ రైట్, 1960లలో జే ఫారెస్టర్ అనే అమెరికన్ ఆచార్యుడు నగరాల మీద తయారుచేసిన కంప్యూటర్ నమూనా నుంచి ఎంతో తీసుకున్నాడు. అంటే ఒక మనిషి ఊహించిన నగరం ఇంకో మనిషి చేతిలో ఆట అయింది. ఇలాంటి ఆటను పాఠ్యపుస్తకాన్ని ప్రశ్నించినట్టే ప్రశ్నించాలి. పైన చెప్పిన ‘ఒరెగాన్ ట్రెయిల్’నే తీసుకోండి. అది బండిలో కూర్చున్న వలసదారు కళ్లతో చూసిన కథ; ఆ నేల మీద అంతకుముందే ఉన్న మూలవాసులు అందులో దారిలో తారసపడేవారు మాత్రమే. 2021లో వచ్చిన కొత్త రూపానికి తయారీదారులు మూలవాసీ చరిత్రకారులను సంప్రదించి పాత్రలను, కథలను మార్చారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏం మారింది, ఎందుకు మారింది అని అడిగితే, చరిత్ర రాయడమంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసివస్తుంది.

ఆచరణలో ఇది తేలికేమీ కాదు. ‘ఇక ఆపండి’ అనగానే గదంతా ‘ఇంకో రెండు నిమిషాలు సార్’ అంటుంది. మంచి ఆట మంచి ఘట్టంలో ఉండగానే ఆపగలగాలి, పిల్లల చిరాకును భరించాలి. ఓడిపోయిన జట్టు ‘మా అదృష్టం బాగాలేదు’ అంటే అక్కడితో వదిలేయకుండా, ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు మీకు ఏమేం తెలుసు, ఏమేం తెలియదు అని తవ్వాలి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ఇరవై నిమిషాల ఆట, పావుగంట చర్చ, ముందూ వెనుకా సర్దుబాటు సరిపోతాయి. పీరియడ్ల కొద్దీ సాగే పెద్ద వ్యూహాత్మక గేములకు మాత్రం ఈ లెక్క చాలదు, వాటిని నేర్చుకోవడానికే బోలెడు గంటలు పోతాయి. అలాంటివి క్లబ్బులకు వదిలేయడం మేలు.

ఆరోగ్యం గురించి భయపడేవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత చేరిన మాట నిజమే, 2022 నుంచి అది అమల్లో ఉంది. అయితే ఆట మీద అదుపు తప్పి, మిగతా జీవితం వెనక్కి పోయి, నష్టం తెలిసినా మానలేని స్థితి సాధారణంగా ఏడాదిపాటైనా కొనసాగితేనే ఆ పేరు పెడతారు. ఉపాధ్యాయుడి కళ్లముందు జరిగే ఇరవై నిమిషాలకు అది వర్తించదు. గేమును హోంవర్కుగా ఇవ్వడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఇంట్లో ఆటను ఆపేవారు ఉండరు, ప్రశ్నలు అడిగేవారూ ఉండరు. ప్రకటనలు చూపించే, లోపల కొనుగోళ్లు పెట్టే, పిల్లల వివరాలు సేకరించే గేములు బడి గడప తొక్కకూడదన్న విషయంలో చర్చ అవసరమే లేదు.

కాబట్టి బడ్జెట్ వేసే అధికారులు లైసెన్సుల సంఖ్యతో పాటు, ఆ గేమును ఉపాధ్యాయులు ముందుగా ఆడి చూడటానికి పనివేళల్లో ఎన్ని గంటలు ఇస్తున్నారో కూడా కాగితం మీద రాయాలని కోరుతున్నాను. మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది: గేములు వాడి చూసిన ఉపాధ్యాయుల అనుభవాలను, ముఖ్యంగా పాఠం బెడిసికొట్టిన సందర్భాలను, వివరంగా ప్రచురించండి. అమ్మకందారుల విజయగాథలు మాకు ఎలాగూ అందుతూనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు