పాస్‌పోర్టు మీద రెండో తేదీ కూడా అచ్చు వేయించండి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పాస్‌పోర్టుకు గడువు ఉన్నా, అది ఆరు నెలలకు తక్కువైతే చాలా దేశాలకు వెళ్ళనివ్వరు; ఆ సంగతి పాస్‌పోర్టు మీదే అచ్చు వేయించమని అడుగుతున్నాను. ఈ విషయం మీద ఇదివరకే ఆన్‌లైన్‌లో రెండుసార్లు ఫిర్యాదు పెట్టాను. ఒకసారి నాలుగు పేజీల ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపాను. మొదటి ఫిర్యాదుకు పదకొండో రోజున "పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. రెండోదానికి నిబంధనల పేరు చెప్పి ఫైలు మూసేశారు. ఉత్తరం అందినట్టు ట్రాకింగ్‌లో కనిపిస్తోంది కానీ జవాబు రాలేదు. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు. దయచేసి చివరిదాకా చదవండి.

నాది రామంతాపూర్. ఒక ప్రైవేటు స్కూల్లో 26 ఏళ్ళు లెక్కలు చెప్పాను. మా అమ్మాయి, అల్లుడు కౌలాలంపూర్‌లో ఉంటారు. నా పాస్‌పోర్టు 2016 ఫిబ్రవరి 14న ఇచ్చారు, 2026 ఫిబ్రవరి 13 వరకు చెల్లుతుందని దాని మీదే అచ్చు వేసి ఉంది. నేను బయలుదేరింది 2025 సెప్టెంబరు 2 రాత్రి. అంటే ఇంకా ఐదు నెలల పైన గడువుంది. చేతిలో చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉందనుకుని ధైర్యంగా బయలుదేరాను. మలేషియాకు మనవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి వీసా అక్కర్లేదు కాబట్టి వీసా కోసం ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు, ఎవరూ నా పాస్‌పోర్టు తిరగేసి చూడలేదు. మొదటిసారి చూసింది శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటర్లోని అమ్మాయి.

ఆ అమ్మాయి నా పాస్‌పోర్టు చూసింది, కంప్యూటర్ చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఐదు వేళ్ళు ముడుచుకున్నాయి. ఆరోది రాలేదు. "మేడమ్, దిగే రోజుకు ఆరు నెలలు ఉండాలి, మీకు లేవు, బోర్డింగ్ ఇవ్వలేను" అంది. నేను కూడా అక్కడే లెక్క వేసుకున్నాను. 3వ తేదీన దిగితే మార్చి 3 దాకా ఉండాలి. పద్దెనిమిది రోజులు తక్కువ. మా అమ్మాయికి నెలలు నిండాయని, డాక్టర్లు 12వ తేదీ ఇచ్చారని చెప్పాను. ఆ పిల్ల ముఖం కూడా చిన్నబోయింది. వాళ్ళ సూపర్‌వైజర్ వచ్చి అదే మాట చెప్పాడు. ఎక్కించుకుని వెళ్తే అక్కడ దిగనివ్వరు, తిరిగి తీసుకొచ్చేది మేమే, పైగా జరిమానా కూడా పడవచ్చు అన్నాడు. వాళ్ళను నేను తప్పు పట్టడం లేదు.

మా వారి పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ళుంది. ఇద్దరం ఆగిపోతే పిల్ల దగ్గర పెద్దవాళ్ళెవరూ ఉండరు. అల్లుడికి తల్లి లేదు. అందుకని ఆయన వెళ్ళాలి, నేను ఉండిపోవాలి అనుకున్నాం. అప్పుడు నా పెట్టె ఆ కౌంటర్ పక్కనే నేల మీద తెరిచాం. అందులో బాలింతకు పెట్టే కాయం డబ్బా, శొంఠిపొడి, ఇంట్లో కాచిన నెయ్యి, మా అత్తగారి పాత నూలు చీరలు చింపి ఉతికి మడతపెట్టిన గుడ్డలు ఉన్నాయి. ఆయన పెట్టె అప్పటికే పూర్తి బరువుంది. ఆయన చొక్కాలు రెండు, స్వెట్టర్ తీసేసి వాటి చోట కాయం డబ్బా, పొత్తిగుడ్డలు సర్దాను. నెయ్యి పట్టలేదు. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు మా చుట్టూ తిరిగి ముందుకు వెళ్తున్నారు. కాయం ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో ఆయనకు బోర్డింగ్ పాస్ వెనక రాసిచ్చాను. ఆయనకు వంట రాదు మంత్రిగారూ. బాలింత పథ్యం అసలే తెలియదు. లోపలికి వెళ్ళేదాకా తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నారు.

నేను బయట కుర్చీలో కూర్చుని ఉంటే దుబాయికి పోయే జగిత్యాల కుర్రాడొకడు మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, మా అన్నకు గూడ గిట్లనే అయింది. ఆర్నెల్లు లేవని ఎన్కకు పంపిన్రు. మల్ల పాస్‌పోర్టు చేపిచ్చుకునేలోపట కంపెనీవోడు ఇంకొకర్ని పిలుసుకున్నడు" అన్నాడు. నాది ఒక ప్రయాణం పోయింది. వాళ్ళ అన్నకు బతుకుదెరువే పోయింది. అప్పు చేసి వీసాకు కట్టిన డబ్బు ఏమైందని అడిగే ధైర్యం నాకు రాలేదు.

తెల్లవారుజామున క్యాబ్‌లో ఆరాంఘర్, ఎల్బీనగర్ మీదుగా ఇంటికి వచ్చాను. దారి పొడవునా వినాయక మండపాల లైట్లు వెలుగుతున్నాయి. నా ఒళ్ళో నెయ్యి డబ్బా ఉంది.

ఇప్పుడు నా బాధంతా ఒక్క విషయం మీదే. ఆరు నెలల నిబంధన మీది కాదు, ఆ దేశానిదని నాకు తెలుసు. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. కానీ ఆ నిబంధన వల్ల మీరిచ్చిన పాస్‌పోర్టు మీద ఉన్న తేదీకి అర్థం మారిపోతోంది. 2026 ఫిబ్రవరి 13 అని అచ్చు వేశారు. మలేషియా వెళ్ళేవాళ్ళకు అది 2025 ఆగస్టు 13తోనే అయిపోయింది. సింగపూర్‌కైనా, థాయ్‌లాండ్‌కైనా, దుబాయికైనా అంతే. యూరప్ షెంగెన్ దేశాలకు లెక్క వేరు, అక్కడి నుంచి బయటపడే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు ఉండాలట. అమెరికా మనవాళ్ళకు ఆ ఆరు నెలల పట్టింపు పెట్టలేదు కానీ, అక్కడ ఉండనిచ్చే గడువును పాస్‌పోర్టు ముగిసే తేదీ దగ్గరే ఆపేస్తున్నారని మా వీధిలో ఒకాయన చెప్పారు. ఆయన ఆరు నెలలుందామని వెళ్ళి మూడు నెలలకే తిరిగొచ్చారు. ఇలా ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. ఇవన్నీ ఏ ఇల్లాలికి, ఏ కూలీకి తెలుస్తాయి? మీకు తెలుసు. మీ శాఖకు తెలుసు. విమాన సంస్థల కంప్యూటర్లలో దేశాలవారీగా రాసిపెట్టి ఉంటాయి. తెలియనిది పాస్‌పోర్టు చేతిలో పట్టుకున్నవాళ్ళకే.

ఇంటికొచ్చాక నా పాస్‌పోర్టు అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఇది భారత ప్రభుత్వ ఆస్తి అని ఉంది. పోగొట్టుకుంటే ఏం చేయాలో ఉంది. ఆరు నెలలు అన్న మాట ఎక్కడా నాకు కనిపించలేదు. టికెట్ కొన్నప్పుడు కూడా పాస్‌పోర్టు నంబరు, ఎక్స్‌పైరీ డేట్ రెండూ అడిగారు, మా అబ్బాయి రెండూ సరిగ్గానే టైప్ చేశాడు. ఆ తేదీ తీసుకున్న వెబ్‌సైట్ డబ్బు తీసుకుని టికెట్ ఇచ్చేసింది. ఒక్క ఎర్ర అక్షరమన్నా రాలేదు. ఆ డబ్బులో రూపాయి కూడా తిరిగి రాలేదు.

గడువు దగ్గర పడితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది కదా అని ఒక అధికారి నాతో అన్నారు. నాకు రాలేదు. 2016లో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు నా దగ్గర లేదు. మార్చుకోవాల్సింది నేనే, ఒప్పుకుంటాను. కానీ పదేళ్ళలో నంబరు మారని ఇల్లు ఎన్ని ఉంటాయి? ఆధార్‌కు కొత్త నంబరు ఇచ్చాం, బ్యాంకుకు ఇచ్చాం, గ్యాస్‌కు ఇచ్చాం. పాస్‌పోర్టుకు కూడా ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు. పదేళ్ళకోసారి మీ గుమ్మం తొక్కేవాళ్ళం మేము.

ఇక తొందరగా పాస్‌పోర్టు ఇచ్చే తత్కాల్ సంగతి. 3,500 రూపాయలు సంతోషంగా కట్టేదాన్ని, స్లాట్ దొరికితే. 3వ తేదీ నుంచి రోజూ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. తెరిచిన కాసేపటికే అయిపోయేవి. 6న నిమజ్జనం, 7 ఆదివారం. చివరికి 11వ తేదీకి దొరికింది. సేవా కేంద్రం లోపల పని గంటన్నరలో అయిపోయింది, సిబ్బంది మర్యాదగానే ఉన్నారు. పోలీసు విచారణ కూడా ఇబ్బంది పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. నేను పోగొట్టుకున్నవి మాత్రం ఆ మధ్య రోజులు.

7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అదే రాత్రి మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. గ్రహణాన్ని నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. కడుపుతో ఉన్న కూతురు పక్కన ఆ రాత్రి ఉండాలని తల్లి అనుకోవడానికి నమ్మకంతో పనిలేదు. వీడియో కాల్‌లో "అమ్మా, నువ్వెప్పుడొస్తావే" అని అడిగింది. ఏం చెప్పను? ఎల్లుండి పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్తున్నానని అబద్ధం చెప్పాను. అప్పటికి నా చేతిలో 11వ తేదీ స్లాట్ తప్ప ఇంకేమీ లేదు. సోమవారం తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఫోన్‌లో ముఖం సరిగ్గా కనపడలేదు, ఏడుపు వినపడింది.

ఆ తర్వాత పది రోజులూ ఫోన్‌లోనే కాపురం చేశాను. ఫోన్ గోడకు ఆనించి పెట్టి, బిడ్డకు నీళ్ళు ఎలా పోయాలో మా వారికి ఇక్కడి నుంచి చెప్పేదాన్ని. ఆయన చేతులు వణికేవి. "నీళ్ళు వేడిగా ఉన్నాయేమో చూడండి, మోచేతితో చూడండి" అని నేను ఇక్కడ అరిచేదాన్ని. సిజేరియన్ కుట్లతో మా అమ్మాయి మంచం మీద నుంచి లేవబోయేది. వద్దని ఆమె మీద కూడా అరిచేదాన్ని. కాల్ కట్ అయ్యాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని ఏడ్చేదాన్ని.

18న పదకొండో రోజు పురుడు. అదే రోజు మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చి నాతో సంతకం పెట్టించుకుని కొత్త పాస్‌పోర్టు ఇచ్చాడు. అట్ట మీద బంగారు రంగులో చిప్ గుర్తు ఉంది. పితృ అమావాస్య అని కూడా చూడకుండా 20 రాత్రి బయలుదేరి 21న దిగాను. అప్పటికి బిడ్డ బొడ్డు ఊడిపోయింది. ఈసారి కౌంటర్లో ఎవరూ వేళ్ళ మీద లెక్కపెట్టలేదు.

మంత్రిగారూ, చిప్ పెట్టగలిగినవాళ్ళకు ఒక వాక్యం అచ్చు వేయడం కష్టం కాదు. ముగిసే తేదీ కింద ఇంకో వరుస వేయించండి. "చాలా దేశాలకు ప్రయాణం చేయాలంటే ఈ తేదీకి ఆరు నెలల ముందే కొత్తది తీసుకోండి" అని తెలుగులో, హిందీలో, ఎవరి భాషలో వాళ్ళకు. పాస్‌పోర్టులో చోటు లేదంటే కవరులో చిన్న కాగితం పెట్టండి. గడువుకు ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకు అప్లై చేసుకోవచ్చన్న సంగతి కూడా అందులో రాయండి, అది కూడా నాకు తర్వాతే తెలిసింది. ఫోన్ నంబరు మారితే మాకు పోస్టులో ఒక కార్డు ముక్క రాయండి, అడ్రసు మీ దగ్గర ఉందిగా. టికెట్ అమ్మేవాళ్ళు ఎక్స్‌పైరీ డేట్ తీసుకున్నప్పుడు అక్కడే హెచ్చరించాలని పౌర విమానయాన శాఖ వారితో మాట్లాడండి. కాన్పులు, చావులు లాంటి అత్యవసరాల్లో తత్కాల్ స్లాట్ కోసం రోజుల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చునే పని లేకుండా ఏదైనా దారి చూపండి. ఏది ముందు చేస్తారో మీ ఇష్టం. కానీ ముందు ఆ వాక్యం అచ్చు వేయించండి. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనుకుంటాను. మళ్ళీ మళ్ళీ అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, మూడుసార్లు అడిగినా వినపడలేదు కాబట్టి నాలుగోసారి అడుగుతున్నాను. నాకు డబ్బు తిరిగి ఇప్పించమని అడగడం లేదు. బిడ్డ పుట్టాక నేను చేరేదాకా పోయిన ఆ పదమూడు రోజులు ఎవరూ తిరిగివ్వలేరు.

మా మనవరాలికి నవంబరులో అక్కడి మన హైకమిషన్‌లో పాస్‌పోర్టు ఇచ్చారు. పసిపిల్ల కాబట్టి ఐదేళ్ళే, 2030 నవంబరు దాకా. నేను మాత్రం మా బీరువా తలుపు లోపలి వైపు ఎర్ర పెన్నుతో 2030 మే అని రాసిపెట్టుకున్నాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక అమ్మమ్మ,
రామంతాపూర్, హైదరాబాద్