బండికి ఫోన్ స్టాండు పంపుతున్నాను

అమ్మడూ,

శ్రీశైలం వెళ్ళేలోగా బండికి ఫోన్ స్టాండు కొనాలన్నావుగా, కొనకు. నేనే ఒకటి చేశాను, రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. బిగించే ముందు ఈ ఉత్తరం చదువు. పార్సిల్ విప్పగానే నట్లన్నీ బలం కొద్దీ తిప్పేస్తావని నాకు తెలుసు.

ఫోన్ జారిపడుతుందనే అందరి భయమూ. అది చిన్న సంగతి. అసలు పేచీ అదురుతో. నీది సింగిల్ సిలిండర్ బుల్లెట్టు, ఇంజను అదురంతా హ్యాండిల్ మీదుగా ఫోన్‌లోకి ఎక్కుతుంది. మంచి కెమెరా ఉన్న ఫోన్లలో ఫొటో చెదరకుండా లెన్సును కదిలేలా అమరుస్తారు. చెయ్యి వణికితే జైరోస్కోపు అనే కదలికల సెన్సరు పసిగడుతుంది, లెన్సు ఎదురు దిక్కుకు జరుగుతుంది. గంటల తరబడి అదురు తగిలితే ఆ అమరిక దెబ్బతింటుంది. పెద్ద ఇంజన్ల మోటార్‌సైకిళ్ళకు ఐఫోన్ బిగించొద్దని 2021లో యాపిల్ వాళ్ళే చెప్పారు. అందుకే కొత్త ఫోన్ బ్యాగులోనే ఉండనీ. నువ్వు ఇక్కడ వదిలేసిన పాత ఫోన్ కూడా పార్సిల్‌లో పెడుతున్నాను. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు. ట్రాఫిక్ చూడాలంటే కొత్త ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి.

హ్యాండిల్ పైపు 22 మిల్లీమీటర్లు. ప్లంబింగు షాపులో దొరికే ముప్పావు అంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు క్లాంపు దానికి కొలిచినట్టు పడుతుంది (ఈ అంగుళాలు పేరుకే, పైపు బయటి కొలత ఇంకా ఎక్కువ), కానీ రబ్బరుకు చోటుండదు. అందుకని అంగుళం పైపు ఇనుప క్లాంపు తెచ్చాను. చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, అందులో సైకిల్ ట్యూబు ముక్క చుట్టు. క్లాంపు పైన మూడు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీ, దాని మీద ఆ పాత ఫోన్ వెనక కవరు. కవరు లోపల స్క్రూ తలలు ఫోన్‌కు తగలకుండా స్పాంజి అంటించాను. అంచులన్నీ ఆకురాయితో రాశాను, చెయ్యి కోసుకోదు.

ఇక పట్టీకీ క్లాంపుకీ మధ్య ఉన్న రబ్బరు బుష్‌లు, అంటే బోల్టు దూరే రబ్బరు ముక్కలు. పనంతా వాటిదే. బోల్టు బుష్ లోపల నుంచే పోతుంది, ఇనుము అల్యూమినియానికి ఎక్కడా తగలదు. పదో నంబరు స్పానర్‌తో బిగించేటప్పుడు బుష్ కొంచెం ఉబ్బగానే ఆపెయ్. ఇంకా తిప్పితే రబ్బరు నలిగి చెక్కలా గట్టిపడుతుంది, అదురు మళ్ళీ ఫోన్‌లోకే వస్తుంది. వదులుగా వదిలినా ఫోన్ ఊగుతుంది, తెర మీద ఏమీ కనపడదు. నట్టు లోపల నైలాన్ రింగు ఉంది, కాస్త వదులుగా ఉన్నా ఊడిరాదు. బజారు స్టాండ్లలో చాలా వాటికి పొడుగు చెయ్యి ఉంటుంది, దాని చివర ఫోన్. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, చెయ్యి పొడుగైన కొద్దీ ఊపు పెరుగుతుంది. నాది పొట్టిగా, మొరటుగా ఉంటుంది. నీ ఫ్రెండ్స్ నవ్వితే నవ్వనీ.

అద్దం కడ్డీకి బిగించకు, అక్కడ అదురు ఎక్కువ. హ్యాండిల్ మధ్యకు దగ్గరగా, స్పీడోమీటర్‌కు అడ్డం రాకుండా పెట్టు. తర్వాత హ్యాండిల్‌ను అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి చూడు. క్లచ్ కేబుల్ గానీ బ్రేకు పైపు గానీ లాగినట్టయితే చోటు మార్చు. ఇది చూడకుండా బండి తీయొద్దు. ఫోన్ మూలలకు అడ్డంగా రబ్బరు బ్యాండు కూడా వెయ్యి.

ఛార్జింగుకు వైర్లు కోయించకు, పవర్ బ్యాంకు చాలు. ఎండలో ఛార్జింగు పెడితే ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, కాబట్టి టీకి ఆగినప్పుడు నీడలో పెట్టుకో.

నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి దారి చూపిస్తూనే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు, మ్యాప్ చెప్పే టైమును నమ్ముకుని ఆలస్యంగా బయల్దేరకు. దారి చూసుకోవడానికి తప్ప బండి మీద ఫోన్ ముట్టకూడదని 2020 అక్టోబరు నుంచి రూలు కూడా ఉంది. అడ్రసు మార్చాలంటే బండి పక్కకు ఆపి మార్చు.

బుష్‌లు రెండు అదనంగా పెట్టాను. ఎండకు పగుళ్ళు రాగానే మార్చెయ్. బిగించాక పక్క నుంచి ఒక ఫొటో తీసి పంపు, బుష్ ఎంత ఉబ్బిందో చూసి చెబుతాను.

ఉంటాను,
నాన్న