ముందు అంబలి, ఆ తరువాతే మాచా

విశాఖపట్నం,
డిసెంబరు 2025

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. హైదరాబాద్ ఉద్యోగానికి నమస్కారం పెట్టి ఎంవీపీ కాలనీలో చిన్న ఫలహారశాల తెరుస్తానన్నావు చూడు, ఆ మాట మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఇద్దరం ఎంత సంబరపడ్డామో! కొత్త ఏడాదిలో జనం ఏం తింటారు, ఏం తాగుతారు, దేని మీద డబ్బు పెట్టమంటావు అని అడిగావు. నాకు తోచిందంతా దాచకుండా రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు మోజు పడుతున్న మాచా, కునాఫా చాక్లెట్ సంగతి తేల్చేద్దాం. ఆ రెండూ వద్దు. మాచా అంటే జపాన్‌లో కోతకు ముందు కొన్ని వారాలపాటు తేయాకు తోటకు నీడ కట్టి, ఆ ఆకును ఆరబెట్టి మెత్తగా విసిరిన పొడి. ప్రపంచమంతా దాని వెంట పడేసరికి అక్కడే సరుకు చాలడం లేదు. కునాఫా చాక్లెట్ అంటే లోపల పిస్తా ముద్ద, వేయించిన సేమియా లాంటి పోగులు కూరిన చాక్లెట్. అది 2021లో దుబాయ్‌లో పుట్టి, 2023 చివర్లో ఒక వీడియో పుణ్యమా అని దేశదేశాలూ పాకింది. పాకడంతో పిస్తాకు కరువొచ్చింది. ఇక్కడ కాఫీ షాపుల్లో కుర్రకారు వాటి ముందు ఫోటోలు తీసుకుంటున్న మాట నిజమే. కానీ వాటి సరుకూ ధరా రెండూ నీ చేతిలో ఉండవు. మోజు తగ్గిన నెలలో పెద్ద దుకాణం తట్టుకుంటుంది, నువ్వు తట్టుకోలేవు. అరకు నుంచో, రేవు నుంచో, అనకాపల్లి నుంచో తెల్లారేసరికి నీ కొట్టుకు చేరే సరుకుతో ఏ కొత్త రుచి పుడుతోందో దాన్ని పట్టుకో. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

అన్నిటికంటే ముందు అంబలి. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు కదా, ఆ వేళ అంబలి బండ్ల దగ్గర నిలబడి చూడాలి నువ్వు. ఒక పెద్దావిడ బండి దగ్గర నేను తరచు ఆగుతుంటాను. రాత్రే చోడిపిండి, అదే రాగిపిండి, నీళ్లలో కలిపి పులియబెడుతుంది. తెల్లవారుజామున నూకలు ఉడికించి, అందులో ఆ పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ కాస్తుంది. చల్లారాక చిలికిన మజ్జిగా ఉప్పూ కలుపుతుంది. గ్లాసు నింపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు చల్లి, పక్కన ఒక ఊరమిరపకాయ పెట్టి ఇస్తుంది. మిరపకాయ కొరికి ఒక గుక్క, మళ్లీ కొరికి ఒక గుక్క. ఒకప్పుడు పొలం పనికి వెళ్లేవాళ్లు తాగిన చోడి అంబలి కోసం ఇప్పుడు డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు వరుసలో నిలబడుతున్నారు. నాకు అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

మన దేశం ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ హడావిడి అయిపోయాక కూడా అంబలి నిలబడింది, చూశావా! వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మోకాళ్ల నొప్పుల వయసు వాళ్లకు ఆ సంగతి నువ్వు చెప్పనక్కరలేదు, వాళ్లే నీకు చెబుతారు. చిరుధాన్యాల బిస్కెట్లు, నూడుల్స్ జోలికి మాత్రం వెళ్లకు. కొన్ని ప్యాకెట్ల మీద బొమ్మ కొర్రలది, లోపల ఎక్కువ భాగం మైదా. నీ పేరు మీద అలాంటిది అమ్మడం నాకు ఇష్టం లేదు.

కాఫీ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే, 2017లో, పారిస్‌లో దాని పేరుతో దుకాణం వెలిసింది. మన ఊళ్లో మాత్రం చికోరీ కలిపి, పాలు దండిగా పోసి తాగడమే అలవాటు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో మిరియాల తీగల మధ్య నెమ్మదిగా పండిన గింజకు పండు పులుపు లాంటి ఒక సన్నని రుచి ఉంటుంది. పాలల్లో అది కనబడకుండా పోతుంది. ఇప్పుడు పాతికేళ్ల పిల్లలు ఆ రుచిని వెతుక్కుంటూ కోల్డ్ బ్రూ అడుగుతున్నారు. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ముతకగా దంచిన పొడిని చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకడితే చాలు. వేసవిలో మన ఉక్కపోతకు అది హాయిగా దిగుతుంది. అయితే ధర విషయం గుర్తుంచుకో. బ్రెజిల్‌లో కరువు వల్ల 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్లో అరబికా ధర మునుపెన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. అదే ఏడాది అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కూడా కనిపించింది. గిరిజన రైతులకు ఎంత గుబులో ఊహించు. కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది. నువ్వు ఇప్పుడే గిరిజన సహకార సంస్థతో మాట్లాడుకుని ఏడాదికి సరిపడా గింజ కుదుర్చుకుంటే మంచిది.

రొయ్యల గురించి నువ్వు అడగలేదు, కానీ నాకు గట్టి నమ్మకం ఉన్నది వాటి మీదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకం 50 శాతానికి పెంచాక, ఆక్వా రైతులు ఎంత నలిగిపోయారో పత్రికల్లో చదివే ఉంటావు. దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు పండించేది మన రాష్ట్రమే, వాటిని తినేదేమో ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు. ఇప్పుడు ఆ సరుకును మన ఊళ్లోనే తినిపించాలని అందరూ చూస్తున్నారు. నువ్వు ఖరీదైన 30 కౌంటు, అంటే కిలోకు ముప్ఫై తూగే పెద్దవి, కొనక్కర్లేదు, కిలోకు వంద తూగే చిన్నవి చాలు. రొయ్యల వేపుడు పెట్టిన దోసె, రొయ్యల పకోడీ, సాయంత్రం పూట మరమరాలతో కలిపే మురీ మిక్చర్‌లో గుప్పెడు వేయించిన రొయ్యలు! ఇంకో లాభం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులు వంజరం, చందువ ముట్టుకోలేని ధర పలుకుతాయి. చెరువు రొయ్యకు ఆ ఇబ్బంది లేదు.

ప్రొటీన్ పిచ్చి ఇంకా ముదురుతుంది. పాలలో, మజ్జిగలో, ఐస్‌క్రీములో కూడా ప్రొటీన్ కలిపి అమ్ముతున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. నీ దగ్గర పెసరట్టు ఉంది, వంద గ్రాముల పెసల్లో 22 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, ఇంకేం కావాలి? ఒక బోర్డు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయించు. అట్టు మాత్రం చిన్న సైజులో కూడా పెట్టు. బరువు తగ్గించే ఇంజెక్షన్లలో వాడే సెమాగ్లూటైడ్ మందుకు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే, ఆ తరువాత వేరే కంపెనీల చవక మందులు వస్తాయి. అవి వాడేవాళ్లకు ఆకలి తగ్గుతుంది. సగం ప్లేటు అడిగేవాళ్లు పెరుగుతారు, వాళ్లను చిన్నచూపు చూడకు.

తాగడానికి గోలీసోడా పెట్టు, సుగంధి, నిమ్మ రెండు రకాలు. సీసా మూతిలో గోళీని బొటనవేలితో లోపలికి నొక్కగానే ‘కుయ్’మనే శబ్దం వింటే పిల్లలు వదలరు. 2025లో విదేశాలకు కూడా ఎగుమతి మొదలైంది. తీపికి అనకాపల్లి బెల్లం తప్ప ఇంకోటి వాడవద్దు.

ఇలాంటి చిన్న కొట్టుకు ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చాలు. ఆ పని నేను చూసుకుంటాను. రైతుబజారుకు దగ్గర్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అద్దె కాస్త ఎక్కువ చెబుతున్నారు కానీ నీళ్లకు లోటు లేదు, ముందు పది మంది నిలబడి తాగేంత అరుగు ఉంది. పొద్దున్నే ఆరింటికల్లా షట్టర్ తీయగలవా, లేదా అన్నది చెల్లెమ్మతో మాట్లాడి రాయి. దాన్నిబట్టి బయానా ఇస్తాను. పిన్నిని అడిగానని చెప్పు. ఆవిడ ఊరమిరపకాయలకు మజ్జిగ ఎంత పులవనిస్తారో, ఎన్ని ఎండలు పెడతారో వివరంగా రాయించి పంపు.

నీ,
రాఘవ